హంటింగ్డన్ దొరసాని సెలీనా గారి జీవితము, కుటుంబము

శతవార్షికోత్సవములు జరుపుకొనే ఈ సమయంలో మన ప్రాంతానికి సువార్త తెచ్చిన మిషనరీలను, మందిరములు కట్టిన పెద్దలను, జీతము సరిగా అందకపోయినా ఊరూరా తిరిగిన ఉపదేశకులను మనము కృతజ్ఞతతో జ్ఞాపకము చేసుకొంటున్నాము. అది మన ధర్మము. అయితే వచ్చిన మిషనరీ వెనుక పంపినవారున్నారు. పంపినవారి వెనుక వారిని సిద్ధపరచినవారున్నారు. అలా వెనుకకు నడచి వెళితే విశాఖపట్నము, శ్రీకాకుళము, విజయనగరము వైపు వచ్చిన తొలి ప్రొటెస్టెంటు పరిచర్యకు వెనుక ఒక ఇంగ్లీషు వితంతువు కనిపిస్తారు. ఆమె పేరు సెలీనా హేస్టింగ్స్. హంటింగ్డన్ కౌంటెస్ అని చరిత్రలో ప్రసిద్ధులు. ఆమె భారతదేశంలో ఎన్నడూ అడుగు పెట్టలేదు. మన తీరానికి మిషనరీలు చేరడానికి 14 సంవత్సరముల ముందే ప్రభువునందు నిద్రించారు.

కౌంటెస్ అంటే ఎర్ల్ అనే బిరుదు గల ప్రభువుగారి భార్య. బొబ్బిలి, విజయనగరము, పర్లాకిమిడి సంస్థానములలో రాణిగార్లకు ఎంత గౌరవము ఉండేదో, ఇంగ్లండులో ఆమెకు అటువంటి గౌరవము ఉండేది. కాలము కూడా మనకు తెలిసిన కాలమే. 1757 జనవరిలో బొబ్బిలి యుద్ధము జరిగిన నాటికి ఆమెకు 49 ఏండ్లు. విజయనగరము రాజుగారు చిన విజయరామరాజు గారు కుంఫిణీ సేనలతో పోరాడి 1794లో పద్మనాభములో నేలకొరిగే నాటికి ఆమె గతించి మూడు సంవత్సరములయింది.

జననము, బాల్యము

సెలీనా గారు 1707 ఆగస్టు 24న షర్లీ అనే ప్రభు వంశంలో జన్మించారు. తండ్రి వాషింగ్టన్ షర్లీ గారు. ఆయన తరువాత రెండవ ఎర్ల్ ఫెర్రర్స్ అయ్యారు. తల్లి మేరీ గారు. ముగ్గురు ఆడపిల్లలలో సెలీనా గారు నడిమి సంతానము. పెద్దింటిలో పుట్టినా ఆ ఇంటిలో సమాధానము లేదు. ఆమె ఇంకా చిన్నపిల్లగా ఉండగానే తల్లిదండ్రులు విడిపోయారు. తల్లి చివరి కుమార్తెను వెంటబెట్టుకొని వెళ్లిపోయారు. సెలీనా గారు అక్కతో కలిసి తండ్రి వద్ద పెరిగారు. 1729లో తండ్రి మరణించాక ఆస్తి విషయంలో సొంత అక్కచెల్లెండ్ర మధ్యనే వ్యాజ్యములు నడిచాయి. సిరిసంపదలు ఉన్నచోట ప్రేమ కూడా ఉంటుందని ఎవరైనా అనుకొంటే ఆమె బాల్యము అది నిజము కాదని చెబుతుంది.

తొమ్మిదేండ్ల వయస్సులో తన ఈడు పిల్ల శవయాత్రను చూసి, తన మరణ సమయంలో దేవుడు తోడుగా ఉండాలని ఆమె ప్రార్థించుకొన్నట్లు ఆమె జీవిత చరిత్రకారులు చెబుతారు. దైవభక్తి అనే విత్తనము అప్పుడే పడినా మొలకెత్తడానికి చాలా సంవత్సరములు పట్టింది.

వివాహము, సంతానము

1728 జూన్ 3న హంటింగ్డన్ తొమ్మిదవ ఎర్ల్ అయిన థియోఫిలస్ హేస్టింగ్స్ గారితో ఆమెకు వివాహమయింది. లెస్టర్‌షైర్ జిల్లాలోని డోనింగ్టన్ పార్కు వారి నివాసము. భార్యాభర్తలు ఒకరియెడల ఒకరు ఎంతో ప్రేమ గలవారు. 1729 మొదలు 1739 వరకు ఏడుగురు బిడ్డలు కలిగారు. నలుగురు కుమారులు, ముగ్గురు కుమార్తెలు. సెలీనా అని తన పేరే పెట్టుకొన్న ఒక పాప పసితనంలోనే పోగా, తరువాత పుట్టిన పాపకు మరల అదే పేరు పెట్టుకొన్నారు.

ఆ రోజులలో ఆమె మంచి దొరసాని అనిపించుకొన్నారు. బీదలకు సహాయము చేసేవారు, ఉపవాసములు ఉండేవారు, గుడి ఆరాధన మానేవారు కారు. ధైర్యము కూడా ఎక్కువే. 1739లో ప్రభువుల సభలో జరిగే చర్చ వినడానికి స్త్రీలను రానీయకపోతే, పట్టువిడువక నిలిచి లోపలికి చొరబడిన కులీన స్త్రీలలో ఆమె ఒకరు. కాని హృదయంలో మాత్రము నెమ్మది లేదు. తాను చేసిన పుణ్యము చాలునా, చాలదా అనే లెక్క ఆమెను వేధించేది.

భర్తగారి చెల్లెలు మార్గరెట్ గారు బెంజమిన్ ఇంగ్‌హామ్ అనే బోధకుని ద్వారా సువార్త విని మారుమనస్సు పొందారు. ఇంగ్‌హామ్ గారు జాన్ వెస్లీ గారికి ఆక్స్‌ఫర్డు నాటి స్నేహితుడు. క్రీస్తును ఎరిగిన నాటి నుండి తనకు కలిగిన సంతోషాన్ని గూర్చి మార్గరెట్ గారు వదినగారితో మాట్లాడారు. పెద్ద ప్రసంగము కాదు, ఇంటిలో ఆడవారు చెప్పుకొనే మాట. 1739లో సెలీనా గారు జబ్బుపడి మంచములో ఉన్నప్పుడు ఆ మాట జ్ఞాపకము వచ్చింది. తన క్రియల లెక్క విడిచి, క్రీస్తు కృపను ఆశ్రయించారు. ఒక ఆడపడుచు సాక్ష్యము ఎంత దూరము పోయిందో మనము ముందు చూస్తాము.

శ్రమల కొలిమి

రక్షణ పొందినవారి ఇంటికి కష్టము రాదని ఏ సేవకుడైనా బోధిస్తే ఆ సేవకుడు ఈ చరిత్ర చదువవలెను. 1743లో మశూచి సోకి పదేండ్లు దాటిన ఇద్దరు కుమారులు, జార్జి, ఫెర్డినాండో, ఒకే సంవత్సరములో పోయారు. 1746 అక్టోబరు 13న భర్తగారు పక్షవాతముతో హఠాత్తుగా మరణించారు. అప్పటికి ఆమెకు 39 ఏండ్లు. 1758లో చిన్న కుమారుడు హెన్రీ యౌవనములోనే పోయాడు. 1763లో, పెండ్లి కుదిరియున్న కుమార్తె సెలీనా కన్నుమూసింది. తల్లికి చేదోడుగా ఉండి, తల్లి విశ్వాసాన్ని పంచుకొన్న బిడ్డ ఆమె ఒక్కతే.

మిగిలినవారు ఇద్దరు. పెద్ద కుమారుడు ఫ్రాన్సిస్ తండ్రి తరువాత పదవ ఎర్ల్ అయ్యాడు. చెస్టర్‌ఫీల్డ్ ప్రభువు వంటి లోకజ్ఞానుల చెలిమిలో పెరిగి తల్లి విశ్వాసాన్ని త్రోసివేశాడు. వివాహము లేకనే 1789లో, తల్లి బ్రతికియుండగానే, మరణించాడు. కుమార్తె ఎలిజబెత్ 1752లో జాన్ రాడన్ అనే ఐర్లండు ప్రభువును పెండ్లాడి రాజాస్థానపు జీవితములో స్థిరపడింది. తల్లికి ఉన్న సువార్తాసక్తి ఆమెకు అంటలేదు. ఏడుగురిలో తల్లి చనిపోయే నాటికి మిగిలినది ఈ ఎలిజబెత్ ఒక్కతే.

పుట్టింటివారి వలన కూడా ఆమెకు నింద వచ్చింది. పినతండ్రి కుమారుడైన లారెన్స్ షర్లీ, నాలుగవ ఎర్ల్ ఫెర్రర్స్, 1760 జనవరిలో తన దివాను జాన్ జాన్సన్‌ను పిస్తోలుతో కాల్చి చంపాడు. ప్రభువుల సభ విచారించి మరణశిక్ష విధించింది. మే 5న లండన్‌లోని టైబర్న్ వద్ద జనసమూహము ఎదుట ఉరితీశారు. హత్యానేరమునకు ఉరితీయబడిన ఎర్ల్ ఇంగ్లండులో మరియొకడు లేడు. బంధువులు తలదించుకొన్న ఆ దినములలో సెలీనా గారు చెరసాలకు వెళ్లి అతనిని చూసి, పశ్చాత్తాపపడుమని బ్రతిమలాడారు. అతడు మెత్తబడలేదు. అయితే ఆ దోషి స్వంత తమ్ముడు వాల్టర్ షర్లీ గారు సువార్త బోధకుడై, దొరసాని గారి మందిరములలో వాక్యము చెప్పారు. ఒకే తల్లి కడుపున పుట్టినవారిలో ఒకడు ఉరికొయ్య ఎక్కాడు, మరియొకడు ప్రసంగ వేదిక ఎక్కాడు.

సువార్త పరిచర్య

భర్తగారు పోయాక ఆమె తన సమయమును, ధనమును ప్రభువు పనికి అప్పగించారు. 1748లో జార్జి విట్‌ఫీల్డ్ గారిని తన కుటుంబ బోధకునిగా నియమించారు. పొలములలో గనికార్మికులకు, కూలివారికి బోధించే ఆ దైవజనుని తన లండన్ ఇంటి హాలులోకి పిలిచి, మంత్రులు, ప్రభువులు, దొరసానులు వినేటట్లు ప్రసంగింపజేశారు. కొందరు విని మారారు. కొందరు మండిపడ్డారు. తమ హృదయము కూడా సామాన్య జనుల హృదయము వలెనే పాపభూయిష్ఠమని చెప్పడము బకింగ్‌హామ్ డచెస్ గారికి గొప్ప అవమానముగా తోచింది. సెలీనా గారికి మాత్రము అందులోనే ఓదార్పు కలిగింది. గొప్ప వంశమువారు అనేకులు పిలువబడలేదని అపొస్తలుడు కొరింథు సంఘమునకు వ్రాసిన మాటను ఆమె తరచు తలచుకొనేవారు. ఎవరును పిలువబడలేదని వ్రాయలేదు గనుక తనవంటివారికి కూడా చోటు ఉన్నదని సంతోషించేవారు.

ఆమె పని జరిగిన పద్ధతి తెలుసుకొనదగినది. ఆ రోజులలో ఇంగ్లండు సంఘపు గురువు మరియొక గురువు పారిష్‌లో అనుమతి లేనిదే ప్రసంగించడానికి వీలులేదు. కాని ప్రభు వంశములవారు తమ ఇంటిలో ప్రార్థనా మందిరము ఉంచుకొనవచ్చును, దానికి స్వంత గురువులను పెట్టుకొనవచ్చును. ఈ హక్కును ఆమె సువార్తకు వినియోగించారు. ఒక ఊరిలో ఇల్లు తీసుకొంటారు. ఇంటిని ఆనుకొని మందిరము కడతారు. తరువాత తలుపులు తెరచి ఊరివారందరినీ రమ్మంటారు. 1761లో బ్రైటన్‌లో తొలి మందిరము కట్టడానికి తన నగలు అమ్మగా సుమారు 700 పౌన్లు వచ్చాయి. 1765లో బాత్ నగరములో, 1769లో టన్‌బ్రిడ్జి వెల్స్‌లో మందిరములు లేచాయి. ఈ విధముగా ఆమె కట్టించినవి, ఆదుకొన్నవి 60కి పైగా ఉన్నాయి. ఆడపిల్ల పెండ్లికి దాచిన బంగారము తీసి గుడి పైకప్పుకు ఇచ్చిన తల్లులు మన సంఘములలో కూడా ఉన్నారు. వారికి ఈ సంగతి వేరుగా వివరింపనక్కరలేదు.

మందిరములు పెరిగాయి గాని బోధకులు చాలలేదు. అందుచేత 1768 ఆగస్టు 24న, తన జన్మదినమున, వేల్స్ దేశములోని ట్రెవెక్కా అనే పల్లెలో వేదవిద్యాలయము తెరిచారు. విట్‌ఫీల్డ్ గారు ప్రారంభ ప్రసంగము చేశారు. మూడు సంవత్సరములు చదువు, భోజనము ఉచితము, ఏటా ఒక జత బట్టలు కూడా ఇచ్చేవారు. బీద కుటుంబముల యువకులు అక్కడ చదువుకొని గుఱ్ఱము మీదనో, కాలినడకనో గ్రామములకు వెళ్లి బోధించారు. వేదవిద్యాలయంలో పరిచర్యకు తర్ఫీదు పొందిన నావంటివారు ఆమెకు ఎంత ఋణపడియున్నారో వేరే చెప్పనవసరము లేదు.

పెద్దలను మందలించడానికి కూడా ఆమె వెనుదీయలేదు. కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు కార్న్‌వాలిస్ గారి నివాసములో ఆయన భార్య విందులు, వినోదములు నడుపుతూ ఉంటే, ఆమె మొదట ఆర్చిబిషప్పు గారినే కలిశారు. ఫలితము లేకపోగా మూడవ జార్జి రాజుగారికి విన్నవించారు. రాజుగారు ఆర్చిబిషప్పును మందలించి ఆ వేడుకలు మాన్పించారు.

లండన్‌లో స్పా ఫీల్డ్స్ అనే చోట వినోదముల కొరకు కట్టిన పెద్ద గుండ్రని భవనము ఉండేది. 1777లో అది ప్రార్థనా మందిరముగా మారింది. ఆ పారిష్ గురువు విలియమ్ సెల్లన్ గారు కోర్టుకు వెళ్లారు. అందరికీ తలుపులు తెరచిన మందిరము దొరసాని స్వంత మందిరము కాజాలదని తీర్పు వచ్చింది. ఆమె ఎదుట రెండు దారులే మిగిలాయి. మందిరములు మూసివేయాలి, లేదా తాను పుట్టి పెరిగిన ఇంగ్లండు సంఘము నుండి వెలుపలికి రావాలి. ఎంతో దుఃఖముతో రెండవ దారి పట్టారు. 1783 మార్చి 9న స్పా ఫీల్డ్స్‌లో ట్రెవెక్కా విద్యార్థులు ఆరుగురికి అభిషేకము జరిగింది. ఇంగ్లండు సంఘమును విడువలేని ఎందరో గురువులు అంతటితో ఆమెకు దూరమయ్యారు. అప్పటికి ఆమెకు 75 ఏండ్లు.

ఆమె లోపములు

భక్తుల చరిత్రలు వ్రాసేటప్పుడు మంచి మాత్రమే వ్రాయడము మనకు అలవాటు. పరిశుద్ధ గ్రంథమైతే దావీదు పాపమును దాచలేదు. సెలీనా గారిలో అధికార స్వభావము ఉండేది. బోధకులను ఈ ఊరి నుండి ఆ ఊరికి తన ఇష్టప్రకారము మార్చేవారు. దేవుని ఎన్నిక, మానవుని క్రియలు అనే విషయముపై 1770లో వెస్లీ గారితో భేదము వచ్చినప్పుడు, ఆయన పక్షము వహించినవారిని ట్రెవెక్కా నుండి పంపివేశారు. భక్తిపరుడైన జాన్ ఫ్లెచర్ గారు కూడా కళాశాల అధ్యక్షత విడిచారు. ఒకే ప్రభువును ప్రేమించిన ఇద్దరి స్నేహము చెదరిపోయింది.

అంతకంటె బరువైనది మరియొకటి ఉన్నది. 1770లో విట్‌ఫీల్డ్ గారు మరణించినప్పుడు అమెరికాలోని జార్జియాలో ఆయన స్థాపించిన బెతెస్దా అనాథశాల ఆమె చేతికి వచ్చింది. దానితోపాటు అక్కడ పొలములలో పనిచేసే నల్లజాతి బానిసలు కూడా వచ్చారు. ఆమె వారిని విడిపించలేదు. పైగా ఒక బానిస స్త్రీని కొనుమని, ఆమెకు సెలీనా అని తన పేరే పెట్టుమని కోరారు. ఆ పేరుతో ఇద్దరు కుమార్తెలను పాతిపెట్టిన తల్లి, కొనబడిన స్త్రీ కూడా ఒక తల్లి బిడ్డయేనని గ్రహింపలేకపోయారు. ఇదే దొరసాని గారు నల్లజాతి రచయితలకు అండగా నిలిచారు. బానిసగా ఉన్న ఫిలిస్ వీట్లీ అనే యువతి తన పద్య గ్రంథమును 1773లో లండన్‌లో ప్రకటించి ఆమెకే అంకితమిచ్చింది. 1785లో జాన్ మారంట్ అనే నల్లజాతి బోధకునికి బాత్ మందిరములో అభిషేకము జరిగింది. ఆయన పరిచర్య ఫలితముగా నోవాస్కోషియా నుండి సియెరా లియోన్‌కు వెళ్లిన విశ్వాసుల ద్వారా ఆమె పేరిట సంఘములు ఆఫ్రికాలో నేటికీ ఉన్నాయి. ఒక చేతితో తలుపు తెరచి మరియొక చేతితో మూసినట్లయింది. కులము పేరిట మన సంఘములలో నేటికీ వేరువేరు వరుసలు, వేరువేరు సమాధి స్థలములు ఉన్నంత కాలము ఆమెను తీర్పు తీర్చడానికి మనము తొందరపడరాదు. అయినను తప్పును తప్పు కాదని చెప్పరాదు.

చివరి దినములు, తరువాత జరిగినది

జీవితకాలములో ఆమె లక్ష పౌన్లకు పైగా ప్రభువు పనికి ఇచ్చినట్లు లెక్కవేశారు. తాను మాత్రము స్పా ఫీల్డ్స్ మందిరము ప్రక్కనున్న ఇంటిలో నిరాడంబరముగా కాలము గడిపారు. చివరి దినములలో ఆమె మనస్సు దూరదేశముల మీద ఉండేది. పసిఫిక్ మహాసముద్రములోని తాహితీ దీవులకు బోధకులను పంపాలని తన గురువు థామస్ హావీస్ గారితో కలిసి ప్రయత్నించారు. ఇద్దరు విద్యార్థులు ఒప్పుకొన్నారు గాని, బిషప్పుల అభిషేకము దొరకక వెనుకాడారు. ఆ కోరిక తీరకుండానే 1791 జూన్ 17న, 83వ ఏట, ఆమె ప్రభువు సన్నిధికి వెళ్లారు. ఒక మందిర ప్రారంభము నాడు ధరించిన తెల్లని పట్టు వస్త్రముతోనే యాష్‌బీ పట్టణములో భర్తగారి ప్రక్కన ఆమెను సమాధి చేశారు.

కాని పని ఆగలేదు. హావీస్ గారు మరి కొందరు బోధకులతో కలిసి 1795 సెప్టెంబరులో ఒక మిషనరీ సంఘమును స్థాపించారు. మనము లండన్ మిషను అని పిలుచుకొన్నది అదే. దాని ప్రారంభ కూటములలో తొలి ప్రసంగము హావీస్ గారు చేశారు. ఏ చోట? కోర్టులో ఓడిపోయినా ఆమె మూసివేయనొప్పని స్పా ఫీల్డ్స్ మందిరములోనే. మరుసటి సంవత్సరము ఆ మిషను పంపిన ఓడ తాహితీకి బయలుదేరి, 1797 మార్చిలో చేరింది.

అదే మిషను జార్జి క్రాన్, ఆగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు యువకులను మన దేశమునకు పంపింది. కుంఫిణీవారు ఆ కాలములో మిషనరీలను ఆదరించేవారు కారు గనుక వారు డెన్మార్కు ఓడలో తరంగంబాడికి వచ్చి, 1805లో విశాఖపట్నము చేరారు. తెలుగు నేర్చుకొన్నారు, బడి పెట్టారు. బ్రాహ్మణ కుటుంబములో పుట్టి క్రీస్తును అంగీకరించిన ఆనందరాయరు గారి సహాయముతో సువార్తలను తెలుగు చేయ మొదలుపెట్టారు. క్రాన్ గారు 1809 జనవరిలో మన శ్రీకాకుళములోనే మరణించారు. మరుసటి ఏడు జులైలో డెస్ గ్రాంజెస్ గారు కూడా పోయారు. అప్పటికి మత్తయి, మార్కు, లూకా సువార్తల అనువాదము మిగిలింది. అవి 1812లో శ్రీరాంపురములో అచ్చయ్యాయి. ఆ శతాబ్దములోనే లండన్ మిషను పని శ్రీకాకుళమునకు, విజయనగరమునకు విస్తరించింది. 1870ల తరువాత కెనడా బాప్టిస్టు మిషనరీలు ఈ జిల్లాలలో మరింత పని చేశారు.

ఇక్కడ ఒక వింత ఉన్నది. దొరసాని గారి కుమార్తె ఎలిజబెత్ కుమారుడు ఫ్రాన్సిస్ రాడన్ హేస్టింగ్స్. చరిత్ర పుస్తకములలో మన పిల్లలు చదివే హేస్టింగ్స్ ప్రభువు ఆయనే. 1813 నుండి 1823 వరకు భారతదేశమునకు గవర్నరు జనరలు. 1816లో గుంటూరు సీమను దోచిన పిండారీలను అణచినవాడు, మరాఠా రాజ్యమును ఓడించినవాడు. ఆ విధముగా ఆమె రక్తసంబంధియైన మనుమడు గొప్ప సేనతో, అధికారముతో ఈ దేశమును ఏలాడు. అతనికి ఎనిమిదేండ్ల ముందే, ఆమె మందిరములో పుట్టిన మిషను నుండి ఇద్దరు నిరుపేద యువకులు ఏ అధికారమూ లేకుండ మన తీరానికి వచ్చి, అయిదేండ్లలోనే ఇద్దరూ మట్టిలో కలిసిపోయారు. హేస్టింగ్స్ ప్రభువు గెలిచిన రాజ్యము 1947లో ముగిసింది. క్రాన్, డెస్ గ్రాంజెస్ గార్లు మొదలుపెట్టిన వాక్యపఠనము ఈ ఆదివారము కూడా మన గుడిలో జరుగుతుంది.

మన సంఘములలో ఒంటరిగా గుడికి వచ్చే తల్లులు ఎందరో ఉన్నారు. కుమారుడు రాడు, కోడలు రాదు, చదువుకొన్న మనుమలు నవ్వుతారు. మోకాళ్లూని చేసిన ప్రార్థన ఏమయిందని వారు కన్నీటితో అడుగుతారు. సెలీనా గారి చరిత్ర వారికి తేలికయైన జవాబు ఇవ్వదు. ఆమె కుమారుడు తిరిగి వచ్చినట్లు చరిత్రలో లేదు. ఆ దుఃఖము ఆమె సమాధి వరకు మోశారు. అయినను ఆమె మందిరము తలుపు మూయలేదు, కళాశాలలో ఇతరుల బిడ్డలకు అన్నము పెట్టడము మానలేదు. తన బిడ్డలు కూర్చొనని బల్ల వద్ద ఎవరెవరి బిడ్డలో కూర్చొన్నారు. వారి వెనుక వచ్చిన వరుసలో మనమూ ఉన్నాము.

కనుక ప్రియ సంఘస్థులారా, ఈ శతాబ్ది దినములలో శిలాఫలకములపై ఉన్న పేర్లతోపాటు, ఏ ఫలకముపై లేని ఇటువంటివారిని కూడా తలచుకొందము. మన మందిరముల కానుకలో కొంత భాగము మనము ఎన్నడూ చూడని ఊరికి పోనిద్దాము. ఇంటిలోనివారు వినకపోయినా వీధిలోనివారికి చెప్పడము మానకుందము. ఒంటరిగా వచ్చే ఆ తల్లుల ప్రక్కన వచ్చే ఆదివారము ఎవరమైనా వెళ్లి కూర్చొందము. అట్టి కృప ప్రభువు మనకందరికీ దయచేయును గాక.